ఏ తెలుగు బైబిలు కొనాలి? పాత అనువాదమూ, కొత్త అనువాదాలూ, ఇంటి అవసరమూ

డిసెంబరు నెల వచ్చిందంటే హనుమకొండలో, కాజీపేటలో క్రైస్తవ పుస్తకాలు అమ్మే దుకాణాలకు రద్దీ పెరుగుతుంది. వచ్చినవారు "తెలుగు బైబిలు ఒకటి ఇవ్వండి" అంటారు. అమ్మేవారు ఏ సైజు కావాలి, జిప్పు కవరా మామూలు అట్టా, అక్షరాలు పెద్దవా చిన్నవా అని అడుగుతారు. ఏ అనువాదం అన్న ప్రశ్న మాత్రం ఇటునుంచీ రాదు, అటునుంచీ రాదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. తెలుగు ప్రొటెస్టెంటు సంఘాల్లో తరతరాలుగా బైబిలు అంటే ఒక్కటే: బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ప్రచురించే 'పరిశుద్ధ గ్రంథము'. దాన్ని పాత అనువాదమనీ, ఓ.వి. (ఓల్డ్ వెర్షన్) అనీ విడిగా పిలవవలసిన అవసరం ఇటీవలి దశాబ్దాల్లో, దాని పక్కన వేరే అనువాదాలు వచ్చి నిలబడ్డాకే కలిగింది.

మా బంధువర్గంలో బాప్టిస్టులున్నారు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వారున్నారు, ఫాతిమానగర్ గుడికి వెళ్లే క్యాతలిక్కులూ ఉన్నారు. పెళ్లికో, కన్ఫర్మేషన్‌కో, పిల్లల పుట్టినరోజుకో బైబిలు కానుక ఇవ్వాలనుకున్నప్పుడల్లా ఏది కొనాలో చెప్పమని నన్ను అడగడం మా వాళ్లకు అలవాటయింది. ఇక్కడ రాస్తున్నది అలా చెప్పీ చెప్పీ కుదిరిన అభిప్రాయం. ఏ అనువాదం గొప్పదని నేను తేల్చబోవడం లేదు. ఎవరి చేతికి, ఏ పనికి, ఏ చెవికి అన్నది తేలితే ఎంపిక సులువవుతుంది.

ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి, ఎందుకంటే పాత అనువాదపు భాష అలా ఉండడానికి కారణం అందులోనే ఉంది. బెంజమిన్ షుల్ట్జ్ అనే జర్మన్ మిషనరీ మద్రాసులో ఉండి 1732 నాటికే బైబిలును తెలుగులోకి తెచ్చాడు కాని అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వారు జార్జి క్రాన్, అగస్టస్ డె గ్రాంజ్ ఇద్దరూ ఆనందరాయరు అనే తెలుగు పండితుని సాయంతో సువార్తల పని మొదలుపెట్టారు. 1809లో క్రాన్, మరుసటి ఏడు డె గ్రాంజ్ చనిపోయారు. వారు వదిలి వెళ్లిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరామపురంలో (సేరంపూర్) అచ్చయ్యాయి. అదే ఏడు మార్చి 11న శ్రీరామపురం ముద్రణాలయం కాలిపోయి అక్షరాల అచ్చులూ రాతప్రతులూ బూడిదయ్యాయి. అక్కడి మిషనరీ విలియం కేరీ బృందం తెచ్చిన తెలుగు కొత్త నిబంధన 1818లో గాని వెలువడలేదు. ఆ తరువాత దాదాపు శతాబ్దం పాటు విశాఖ, నెల్లూరు, మద్రాసుల్లోని మిషనరీలూ పండితులూ దిద్దుతూ, తిరగరాస్తూ వచ్చిన పాఠమే నేటి పాత అనువాదానికి పునాది. గమనించవలసింది ఏమిటంటే ఈ పని అంతా కోస్తాలో, మద్రాసులో జరిగింది. గిడుగు వారి వ్యావహారిక భాషోద్యమం ఊపందుకోకముందే దాని స్వరూపం చాలావరకు స్థిరపడింది. 1879లో హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మొదలైనా, 1912లో వి.ఎస్. అజరయ్య దోర్నకల్ బిషప్పు అయినా, ఈ ప్రాంతపు సంఘాలకు బైబిలు అప్పటికే తయారైన గ్రాంథిక భాషలో చేతికి వచ్చింది. నిజాం పాలనలోని పల్లెల్లో ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడే మనిషి "ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను" అన్న వాక్యాన్ని తన భాషలోనిదిగా గాక, గుడి భాషగా నేర్చుకున్నాడు.

పాత అనువాదంలో నిజంగా కష్టమైనది ఏది?

పాత అనువాదం కష్టమని అందరూ అంటారు. ఎక్కడ కష్టమో చూపించమంటే చాలామంది పదాలను చూపిస్తారు. నా అనుభవంలో నామవాచకాలు అంత పెద్ద అడ్డంకి కావు. మత్తయి సువార్తలో దీపాన్ని కుంచము క్రింద పెట్టరు అని ఉంది. మా బాపమ్మకు కుంచం అంటే వడ్లు కొలిచే కొలత, ఆమెకు ఆ వాక్యం ఇంట్లో వస్తువు గురించి చెప్పినట్టే వినపడేది. చేట చేతపట్టి కళ్లము శుభ్రము చేయడం, కాడి మోయడం, క్రొవ్విన దూడను వధించడం, జక్కయ్య మేడిచెట్టు ఎక్కడం, ఇవన్నీ జనగామ దగ్గరి రైతుకు హైదరాబాదులో పుట్టిపెరిగిన పాస్టరు గారికన్నా బాగా అర్థమవుతాయి. పాత అనువాదకులు వ్యవసాయపు మాటలను పల్లె నుంచే తెచ్చుకున్నారు. వాటి కోసం కొత్త అనువాదానికి మారాలనుకుంటే పోగొట్టుకునేది ఎక్కువ.

క్రియల దగ్గర మాత్రం పాఠకుడు తడబడతాడు. "పరిశుద్ధపరచబడు గాక", "పరుండజేయుచున్నాడు", "నాటనియ్యుడి" వంటి రూపాలు ఇప్పటి నోట ఎక్కడా లేవు. "అడుగుడి మీకియ్యబడును, వెదకుడి మీకు దొరకును, తట్టుడి మీకు తీయబడును" అన్న వాక్యం కంఠస్థం వచ్చిన పిల్లల్లో చాలామందికి అడుగుడి అనేది ఆజ్ఞార్థక క్రియ అని తెలియదు. మన వైపు ఇంకో చిక్కు కూడా ఉంది. తినుడు, పోవుడు, అడుగుడు అని మనం నామవాచకాలుగా వాడుతాం కదా, దానితో ఈ గ్రాంథిక రూపం కలిసిపోయి, అడగడం అనే పని గురించి ఏదో చెబుతున్నట్టు కొందరికి వినపడుతుంది. దీర్ఘ వాక్యాల సంగతి సరేసరి. ఎఫెసీయులకు రాసిన పత్రికలో మొదటి అధ్యాయం 3వ వచనం నుంచి 14వ వచనం వరకు గ్రీకులో ఒకే వాక్యం. మూలానికి దగ్గరగా నడిచే అనువాదంలో అక్కడ కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ అని వేలు పెట్టి వెతుక్కోవలసి వస్తుంది.

ఈ రెంటికన్నా నేను ఎక్కువ జాగ్రత్త చెప్పేది మూడో రకం కష్టం గురించి. అర్థం తెలియని మాట దగ్గర పాఠకుడు ఆగుతాడు, ఎవరినైనా అడుగుతాడు. అర్థం మారిపోయిన మాట దగ్గర ఆగడు, తెలిసినదే అనుకుని దాటిపోతాడు. మా తమ్ముని మనుమరాలు ఇంటర్మీడియట్ చదువుతున్నప్పుడు క్రిస్మస్ కార్యక్రమానికి లూకా సువార్త రెండో అధ్యాయం వల్లె వేస్తూ "భూమిమీద సమాధానమును కలుగునుగాక" అన్నచోట నా వైపు తిరిగి, "భూమ్మీద జవాబు కలుగుడేంది తాతా?" అని అడిగింది. ఆ పిల్ల అడిగింది కాబట్టి తెలిసింది. సమాధానం అంటే పాత అనువాదంలో శాంతి, సఖ్యత. బడికి వెళ్లిన నేటి పిల్లలకు అది ప్రశ్నకు జవాబు మాత్రమే. యెషయా గ్రంథంలో "సమాధానకర్తయగు అధిపతి" అని వస్తే వారికి తోచేది అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పే పెద్దమనిషి.

అరణ్యం ఇలాంటిదే. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు పెరిగినవారికి అరణ్యం అనగానే టేకుచెట్లు, ఇప్పచెట్లు, వాగులు కళ్లముందు మెదులుతాయి. ఇశ్రాయేలీయులు నలభై ఏళ్లు అరణ్యములో తిరిగారని చదివి, అంత పచ్చని అడవిలో నీళ్లు లేవని ఎందుకు గొణిగారో తెలియక వారిని కృతఘ్నులుగా తేల్చేసిన బోధను నేను చెవులారా విన్నాను. సీనాయి ప్రాంతం రాళ్లూ ఇసుకా తప్ప చెట్టు కనిపించని నేల. అక్కడ దాహం నిజమైన దాహం. నీతి అనే మాట నీతికథల నీతిగా, రక్షణ అనే మాట పోలీసు రక్షణగా వినపడడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. కాబట్టి పాత అనువాదం కొనవద్దని నేను అనను. కొన్నవారు దాని పక్కన మరొక అనువాదం పెట్టుకోవాలని అంటాను, ముఖ్యంగా సులభంగా అర్థమైనట్టు అనిపించే భాగాల దగ్గర.

దాన్ని వదులుకోలేకపోవడానికి గట్టి కారణాలున్నాయి. ఆరాధనలో అందరూ కలిసి చదివే పాఠం అది. ఒక్కరి చేతిలో వేరే అనువాదం ఉన్నా గొంతు కలవదు. బోధకులు వచనం సగం చెప్పి వదిలేస్తే సభ పూర్తి చేసేది ఆ మాటలతోనే. సండే స్కూలు కంఠత వాక్యాలూ, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల భాషా దానితో ముడిపడి ఉన్నాయి. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అన్న ఆరు మాటల బిగువును కొత్త అనువాదాలేవీ నాకు తృప్తిగా అందించలేదు. ఇది నా చెవి పక్షపాతం కావచ్చు, దాచుకోను. మరణశయ్య దగ్గర చదవవలసి వచ్చినప్పుడు పెద్దవారికి ఊరట కలిగించేది చిన్ననాడు విన్న మాటల వరస.

క్యాతలిక్కు అనువాదం: కేవలం ఏడు పుస్తకాల తేడా కాదు

వరంగల్ మేత్రాసనం, అంటే క్యాతలిక్కు బిషప్పు పరిధి, 1952లో ఏర్పడింది. ఫాతిమానగర్ దాని కేంద్రం. ఆ పరిసరాల్లోని క్యాతలిక్కు కుటుంబాలకు అనుమతి పొందిన అనువాదం వేరుగా ఉంది. ప్రొటెస్టెంటు బైబిలులో 39 పాత నిబంధన గ్రంథాలూ 27 కొత్త నిబంధన గ్రంథాలూ కలిపి 66 ఉంటే, క్యాతలిక్కు బైబిలులో తోబీతు, యూదితు, మక్కబీయుల రెండు గ్రంథాలు, సొలోమోను జ్ఞానగ్రంథము, సీరా జ్ఞానగ్రంథము, బారూకు చేరి 73 అవుతాయి. ఎస్తేరు, దానియేలు గ్రంథాల్లో కూడా అదనపు భాగాలు ఉంటాయి. ప్రొటెస్టెంటు ముద్రణ కొనుక్కున్న క్యాతలిక్కుకు కొన్ని ఆదివారాల మొదటి పఠనం తన పుస్తకంలో దొరకదు.

అంతకన్నా లోతైన తేడా పరిభాషలో ఉంది. పరిశుద్ధాత్మ, సంఘము, బాప్తిస్మము, మారుమనస్సు అనే మాటలతో పెరిగినవారికి పవిత్రాత్మ, శ్రీసభ, జ్ఞానస్నానం, హృదయ పరివర్తన అనే మాటలు పరాయిగా తోస్తాయి, అటువారికి ఇవీ అంతే. దైవనామం దగ్గర ఒకరు యెహోవా అంటే మరొకరు ప్రభువు అంటారు. హీబ్రూలో నాలుగు హల్లులుగా రాసిన ఆ నామాన్ని యూదులు బిగ్గరగా పలకకుండా ప్రభువు అనే అర్థంగల మాటతో చదువుకునేవారు కాబట్టి రెండు పద్ధతులకూ ఆధారం ఉంది.

సర్వనామాల్లో కూడా ఒక ఆసక్తికరమైన తేడా కనిపిస్తుంది. పాత అనువాదంలో ప్రభువు నేర్పిన ప్రార్థన "నీ నామము" అంటుంది. క్యాతలిక్కులు నోటితో చెప్పే జపం "మీ నామము" అంటుంది. మూలమైన గ్రీకులో ఏకవచనమే ఉంది, కాని గ్రీకు ఏకవచనానికి గౌరవ, అగౌరవాల పట్టింపు లేదు. తండ్రిని మీరు అనే ఇళ్లలో 'నీ' మొరటుగా వినపడవచ్చు. మన జిల్లాల్లో బాపును కూడా నువ్వు అనే ఇళ్లు ఎన్నో ఉన్నాయి, వారికి ఆ 'నీ' చనువుగానే వినపడుతుంది. దూత మరియమ్మకు చెప్పిన పలకరింపును పాత అనువాదం "దయాప్రాప్తురాలా నీకు శుభము" అంటే, క్యాతలిక్కు జపం "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము" అంటుంది. దయ పొందినదా, దయతో నిండినదా అన్న ఈ చిన్న తేడా వెనుక శతాబ్దాల వేదాంత చర్చ ఉంది. ఇలాంటి చోట అనువాదకుని ఎంపిక భాషాజ్ఞానంతో పాటు అతని సంఘ విశ్వాసాన్ని కూడా చూపిస్తుంది.

వాడుక భాషలోని మూడు అనువాదాలు

వాడుక భాష బైబిలు అని దుకాణంలో అడిగితే చేతికి వచ్చేది ఏదైనా కావచ్చు, ఎందుకంటే ఆ పేరు కింద కనీసం మూడు వేర్వేరు పనులున్నాయి.

మొదటిది ఈజీ టు రీడ్ వెర్షన్ అనే పేరుతో తెలిసిన 'పవిత్ర బైబిల్'. వరల్డ్ బైబిల్ ట్రాన్స్‌లేషన్ సెంటర్ 1997లో దీన్ని తెచ్చింది. ఇదే సంస్థ ఇంగ్లీషులో చేసిన సులభ అనువాదం మొదట వినికిడి లేనివారి కోసం తయారైనది, అందుకే పొట్టి వాక్యాలు, ఒక వాక్యంలో ఒకే సంగతి, వివరణ అవసరమైతే పాఠంలోనే కలపడం అనే పద్ధతి దానికి అబ్బింది. తెలుగు పుస్తకంలో కూడా ఆ గుణం కనిపిస్తుంది. మొదటిసారి బైబిలు పట్టుకున్నవారికి, కథల భాగం గబగబా చదవాలనుకునేవారికి ఇది హాయిగా ఉంటుంది. రోమీయులకు రాసిన పత్రిక వంటి వాదనాత్మక భాగాల్లో మాత్రం 'గనుక', 'అయినను', 'ఏలయనగా' వంటి ముడులు విడిపోయి, ఒక మాట నుంచి మరో మాటకు పౌలు ఎలా వచ్చాడో తెలియకుండా పోతుంది. చిన్న వాక్యాలు చదవడానికి సులువే కాని వాదన పట్టుకోవడానికి అన్నివేళలా సులువు కావు.

రెండవది ఇండియన్ రివైజ్డ్ వెర్షన్. పాత అనువాదాన్ని ఆధారంగా పెట్టుకుని దాని వ్యాకరణాన్ని నేటి తెలుగులోకి మార్చిన పని ఇది. బ్రిడ్జ్ కనెక్టివిటీ సొల్యూషన్స్ అనే సంస్థ ప్రచురించింది, 2019 కూర్పు విరివిగా వాడుకలో ఉంది. క్రియేటివ్ కామన్స్ అనుమతితో విడుదలైనందున ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, పంచవచ్చు, మూలాన్ని పేర్కొంటూ తమ పాఠాల్లో వాడుకోవచ్చు. పాత అనువాదానికి అలవాటుపడిన కుటుంబంలో పిల్లల కోసం ఒక మెట్టు దిగాలనుకుంటే నేను మొదట చూపించేది దీన్నే, ఎందుకంటే వచనాల నడక చాలావరకు పాతదే ఉంటుంది, అవ్వ చదివిన వచనమే మనుమడు చదువుతున్నట్టు ఇద్దరికీ తెలుస్తుంది.

మూడవది బిబ్లికా సంస్థ వారి తెలుగు సమకాలీన అనువాదం. ఇది మాటకు మాట పెట్టడానికీ, భావానికి భావం పెట్టడానికీ నడుమ నడుస్తుంది. దీని తెలుగు పత్రికా భాషకు దగ్గర. ఇంగ్లీషు మీడియంలో చదివి, ఆ భాషలోని ఆధునిక అనువాదాలకు అలవాటుపడిన యువకులు తెలుగుకు మళ్లాలనుకున్నప్పుడు ఇది వారికి త్వరగా నప్పుతుంది.

మాటకు మాట, భావానికి భావం అన్నాను కనుక ఒక ఉదాహరణ చెప్పాలి. ఆమోసు గ్రంథం నాలుగో అధ్యాయంలో దేవుడు కరువు రప్పించిన సంగతి చెబుతూ, హీబ్రూ నుడికారాన్ని అలాగే ఉంచి పాత అనువాదం "దంతశుద్ధి కలుగజేసినను" అంటుంది. తినడానికి ఏమీ లేక పళ్లు శుభ్రంగా ఉన్నాయని ఆ నుడికారపు భావం. దాని పక్కనే "ఆహారము లేకుండ చేసినను" అని ఉండబట్టి సరిపోయింది గాని, లేకపోతే తెలుగువాడు వేపపుల్ల గురించి అనుకోవలసిందే. మాటను నిలిపితే హీబ్రూ కవి పోలిక నిలుస్తుంది, అర్థం జారుతుంది. భావాన్ని నిలిపితే అర్థం దొరుకుతుంది, పోలిక మాయమవుతుంది. రెండూ కావాలంటే అడుగున సూచిక ఉన్న పుస్తకం కొనాలి.

ఇంకొక సంగతి మరవకూడదు. వాడుక భాష అని చెప్పుకునే ఈ మూడింటిలోని వాడుక కూడా పత్రికల, పాఠ్యపుస్తకాల వాడుకే. పరకాల బస్టాండులో వినపడే వాడుక కాదు. పాత అనువాదం నుంచి వీటికి మారితే దూరం తగ్గుతుందే గాని పూర్తిగా పోదు.

యెహోవాసాక్షులు ఇంటింటికీ తెచ్చి ఇచ్చే కొత్త లోక అనువాదం గురించి కూడా తరచు అడుగుతుంటారు. దాని తెలుగు తేటగానే ఉంటుంది. అయితే మనకు దొరికిన కొత్త నిబంధన గ్రీకు రాతప్రతుల్లో దైవనామం కనిపించని చోట్ల కూడా అది యెహోవా అనే పేరును వాడుతుంది. యోహాను సువార్త మొదటి వచనాన్ని తక్కిన సంఘాలు అంగీకరించని రీతిలో అనువదిస్తుంది. ఈ సంగతి తెలిసి చదవడం వేరు, తెలియక ఆరాధనకు తీసుకెళ్లడం వేరు.

దుకాణంలో నిలబడి పరీక్షించే పద్ధతి

ముందుమాటలు చదివి అనువాదాన్ని అంచనా వేయలేం. నేను కొన్ని చోట్లు తెరిచి చూస్తాను. అందులో నాకు ఇష్టమైనది మార్కు సువార్త 4వ అధ్యాయం 38వ వచనం. తుఫానులో పడవ మునుగుతుంటే శిష్యులు యేసును లేపి చెప్పే మాట అది. గ్రీకులోనూ ఇంగ్లీషులోనూ మేము, మనము అనే తేడా లేదు. తెలుగు అనువాదకుడు మాత్రం ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. పాత అనువాదం "మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?" అంటుంది. అంటే శిష్యులు తమ ప్రాణాలనే లెక్కపెట్టుకున్నారు, అదే పడవలో ఉన్న గురువును లెక్కలోకి తీసుకోలేదు. 'మనము' అని ఉంటే భయం అందరిదీ అవుతుంది. సర్వనామం లేకుండా క్రియ ఒక్కటే పెడితే ఆ ప్రశ్నే తప్పిపోతుంది. చేతిలోని పుస్తకం ఏం చేసిందో చూస్తే అనువాదకుడు తెలుగు గురించి ఎంత ఆలోచించాడో కొంత తెలుస్తుంది.

రెండో పరీక్ష అన్నదమ్ములది. గ్రీకు మాట ఒకటే, అన్న, తమ్ముడు అన్న విభజన దానికి లేదు. తప్పిపోయిన కుమారుని కథలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది కథే చెబుతుంది కాబట్టి పాత అనువాదంలో పనివాడు నిస్సంకోచంగా "నీ తమ్ముడు" అంటాడు. పేతురు, అంద్రెయలలో ఎవరు పెద్దో సువార్తలు చెప్పవు కాబట్టి అక్కడ 'సహోదరుడు' అని ఊరుకుంటాడు అనువాదకుడు. ఈ నిగ్రహం నాకు నచ్చుతుంది. తెలియనిదాన్ని తెలిసినట్టు అన్న అనో తమ్ముడు అనో రాసిన అనువాదం చదవడానికి ఇంపుగా ఉన్నా, మిగతా చోట్ల ఏమేం కలిపిందో అన్న అనుమానం కలిగిస్తుంది. మూడో పరీక్ష పైన చెప్పిన సమాధానం, అరణ్యం అనే రెండు మాటలు. లూకా 2:14లో ఒకటి, మత్తయి 3:1లో మరొకటి చూసుకుంటే చాలు.

అడుగు సూచికలు ఉన్నాయో లేదో కూడా చూడాలి. ప్రభువు ప్రార్థన చివర మనం చెప్పే "రాజ్యము, బలము, మహిమ" అన్న మాటలు అతి ప్రాచీన గ్రీకు ప్రతుల్లో లేవు. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలదీ దాదాపు ఇదే స్థితి. మంచి ముద్రణ ఈ సంగతిని కుండలీకరణంలోనో అడుగునో చెబుతుంది. ఇలాంటి సూచిక చూసి, వాక్యం తీసేశారని వాట్సాప్‌లో ఆందోళన పడేవారికి నేను చెప్పేది ఒక్కటే: దాచినవారు సూచిక రాయరు.

ఎవరికి ఏది

సంఘంలో సభ్యత్వం ఉండి ప్రతి ఆదివారం గుడికి వెళ్లే ప్రొటెస్టెంటు కుటుంబానికి పాత అనువాదం తప్పదు. దాని పక్కన ఇండియన్ రివైజ్డ్ వెర్షన్‌ను కనీసం ఫోనులోనైనా పెట్టుకోవాలి. యూవర్షన్ యాప్‌లో పాత అనువాదమూ, నేను చెప్పిన మూడు వాడుక భాషా అనువాదాలూ ఉచితంగా దొరుకుతాయి కాబట్టి డబ్బు పెట్టి కొనేముందు ఒక నెల అక్కడ చదివి చూడడం తెలివైన పని. బోధించేవారు ఒకే అనువాదంతో ప్రసంగం తయారు చేసుకోకూడదు. ముఖ్యంగా ఒక్క పదం మీద ప్రసంగమంతా కట్టేవారు, ఆ పదం రెండో అనువాదంలో కూడా నిలబడుతుందో లేదో చూసుకోవాలి. క్యాతలిక్కు కుటుంబానికి తమ శ్రీసభ అనుమతి ఉన్న 73 గ్రంథాల ప్రతి తప్ప నేను వేరేది సూచించను.

క్రైస్తవ నేపథ్యం లేని మిత్రులు సాహిత్యంగానో కుతూహలంతోనో చదువుతామంటే సమకాలీన అనువాదంలో లూకా సువార్త మొదలుపెట్టమంటాను, ఆదికాండము నుంచి వరసగా చదవమని చెప్పను. ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన అచ్చయిన ప్రతి పనికొస్తుంది, అయితే పిల్లలు ఇంగ్లీషు వైపే చదివి తెలుగు వైపును అలంకారంగా వదిలేయడం నేను చూశాను. చదువు రాని పెద్దవారికి, చూపు తగ్గినవారికి ఆడియో ఉత్తమం. వారికి పాత అనువాదమే పెట్టాలి, ఎందుకంటే చెవికి అలవాటైనది అదే. తండాల్లో పనిచేసేవారు లంబాడీ భాషలో కూడా కొత్త నిబంధన ఉందని తెలుసుకుంటే మంచిది. అక్కడ తెలుగు అనువాదాల పోలికకన్నా ముందు అడగవలసిన ప్రశ్న అది.

కొనేటప్పుడు అట్ట మీది పేరును నమ్మకూడదు. పరిశుద్ధ గ్రంథము, పవిత్ర గ్రంథము, పవిత్ర బైబిల్ అనే పేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండి తికమక పెడతాయి. పేజీ తిప్పి, ప్రచురణ వివరాలున్నచోట ఏ అనువాదం, ఎవరి హక్కు, ఏ సంవత్సరం అన్నది చదవాలి, తరువాత విషయసూచికలో గ్రంథాలు 66 ఉన్నాయో 73 ఉన్నాయో లెక్కపెట్టాలి. ఒకసారి నేను ఈ జాగ్రత్తలన్నీ పాటించి, అక్షరాల పరిమాణం చూడకుండా మా బాపమ్మకు చేతిలో ఇమిడే చక్కని ప్రతి కొనిచ్చాను. ఆమె దాన్ని కళ్లకద్దుకుని దిండు కింద పెట్టుకుంది, చదవడానికి మాత్రం అట్టలు ఊడిన పాత పెద్దక్షరాల ప్రతినే తెరిచేది.

మొన్నటి పెళ్లి సంగతి కొంత చిక్కైనది. అమ్మాయి కాజీపేట క్యాతలిక్కు ఇంటిది, అబ్బాయి హనుమకొండ బాప్టిస్టు ఇంటివాడు. ఇద్దరికీ కలిపి ఒక్క బైబిలు ఇవ్వాలని మా వదిన పట్టుబట్టింది. లెక్క ప్రకారం 73లో 66 ఇమిడి ఉన్నాయి కాబట్టి క్యాతలిక్కు ప్రతి ఇస్తే ఇద్దరికీ చాలాలి. కాని పవిత్రాత్మ అన్నచోటల్లా అబ్బాయి నాలుక పరిశుద్ధాత్మ అంటుందని నాకు తెలుసు. చివరికి ఒకే రంగు అట్టలతో, ఒకే సైజులో రెండు పుస్తకాలు కొని ఒకే పెట్టెలో పెట్టించాము. సాయంత్రం ప్రార్థనలో ఒకరోజు ఒకరి పుస్తకంలోంచి, మరురోజు రెండోవారి పుస్తకంలోంచి చదువుకుంటున్నారట. తోబీతు గ్రంథం ఎక్కడుందని అబ్బాయి తన పుస్తకంలో వెతికాడని ఈ మధ్యే మా వదిన ఫోనులో చెప్పింది.